నడిగడ్డ మీద గద్ద



మన తెలుగువాళ్లకు గద్ద అంటే అంత మంచి అభిప్రాయం లేదండీ. ఎవరైనా పరుల సొమ్ము ఎత్తుకుపోతే "గద్దలా తన్నుకుపోయాడు" అంటాం. ముక్కు కొస కాస్త వంగి వుంటే "గద్దముక్కు" అని వెక్కిరిస్తాం. పిల్లలు వీధిలో ఆడుకునే ఆటలో కూడా కోడి తల్లి అయితే, గద్ద దొంగ. అదే గద్ద గుడిలోకి వచ్చేసరికి గరుత్మంతుడై స్వామిని వీపున మోస్తాడు. గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడికి వెళ్లినా, వనపర్తి దగ్గర శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి దర్శనానికి వెళ్లినా, ఆ వాహనానికి ఒక దణ్ణం పెట్టకుండా తిరిగి రాము. గుడిలో దేవుడూ, పెరట్లో దొంగా! ఈ రెండు పేర్ల మధ్య ఆ పక్షి అసలు సంగతి తెలుసుకోవడం మరిచిపోయాం. ఇవాళ అదే చెప్పుకుందాం. ఒక రాష్ట్రం తన గద్దల్ని ఎలా కాపాడుకుంటుంది, అందులో మన వంటింటి పాత్ర ఎంత అన్నది మన విషయం.

ముందుగా చోటు చూద్దాం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోంచి 2016 అక్టోబరు 11న విడివడిన జిల్లాల్లో మూడు: జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. మూడూ పక్కపక్కనే వున్నా నేల తీరు వేరు. గద్వాల వైపు కృష్ణకూ తుంగభద్రకూ నడుమ వున్న నేలను నడిగడ్డ అంటారు. విత్తన పత్తి చేలు, ఎర్రనేలలు, నల్లనేలలు, మధ్య మధ్య బీళ్లు. వనపర్తి వైపు పల్లీ చేలూ, చెరువులూ, ఏనుగులు పడుకున్నట్టుండే రాతి గుట్టలూ. నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట దాటి పైకెక్కితే మన్ననూరు, ఫరహాబాదు, నల్లమల అడవి. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎక్కువ భాగం ఈ జిల్లాలోనే వుంది. అంటే బీడు, గుట్ట, నీరు, అడవి నాలుగూ ఒక్క బస్సు ప్రయాణంలో చూడవచ్చన్నమాట. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క రకం గద్ద.

మనం గద్ద అని ఒక్క మాటతో పిలిచేస్తాం కానీ మన పెద్దవాళ్లకు ఇందులో చాలా పేర్లు తెలుసు. ఊళ్లో పెంటకుప్పల మీద తిరిగేదీ, సెల్ టవరు మీద గూడు కట్టేదీ మామూలు గద్ద. దాని తోక చేప తోకలా చీలి వుంటుంది. తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో వుండి చెరువుల మీద తిరిగేది గరుడ పక్షి. చూడగానే లెంపలు వేసుకునేది దాన్నే. బీడు భూముల మీద ఆకాశంలో ఒకేచోట రెక్కలాడిస్తూ, దారం కట్టి వేలాడదీసినట్టు నిలబడేది పాముల గద్ద. కింది నుంచి చూస్తే పొట్ట తెల్లగా కనిపిస్తుంది. పామును తల దగ్గర పట్టి, తల వైపు నుంచే మింగుతుంది. అడవిలో తల మీద నల్లని జుట్టుతో, చెట్టు కొమ్మన కదలక కూర్చుని, ఎగిరేటప్పుడు ఈల వేసినట్టు అరిచేది ఇంకొక పాముల గద్ద. నల్లమలలో వుండేది అదే.

రాతి గుట్టల చరియల్లో గూడు కట్టేది కుందేలు సాళువ. కుందేళ్లను, కౌజుల్ని వేటాడుతుంది కాబట్టి ఆ పేరు. విజయనగరం ఏలిన సాళువ వంశం పేరు కూడా ఈ వేట పక్షి పేరే. చేపలు మాత్రమే తిని బతికేది కోరమీను గద్ద. చలికాలంలో చల్లని దేశాల నుంచి వచ్చి పెద్ద జలాశయాల మీద కాళ్లు చాపి దబ్బున దూకి చేపను పట్టుకుపోతుంది. ఇక మైదానాల్లో తుమ్మ చెట్టు కొసన పుల్లలతో పెద్ద గూడు కట్టే గోధుమరంగు గద్ద ఒకటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో టానీ ఈగిల్ అంటారు. ప్రపంచం మొత్తం మీద తగ్గిపోతున్నదని 2018లో దాన్ని ఆపదలో వున్న జాతుల పట్టికలో చేర్చారు.

ఇన్ని పేర్లు చెబుతుంటే "మాకెందుకమ్మా ఈ పక్షుల వంశావళి?" అని ఎవరైనా అనుకోవచ్చు. కోడికీ గద్దకూ వున్న తేడా ఒక్కటి చెబితే ఎందుకో మీకే తెలుస్తుంది. కోడి పొదగడానికి కూర్చుంటే పదీ పన్నెండు పిల్లలు లేస్తాయి. పాముల గద్ద ఏడాది మొత్తానికి పెట్టేది ఒక్కటంటే ఒక్క గుడ్డు. దాన్ని నెలన్నర పొదగాలి. పిల్ల లేచాక రెక్కలు వచ్చి ఎగరడానికి ఇంకా రెండు నెలలు పైనే. ఆ ఎగిరిన పిల్ల వెంటనే పిల్లల్ని కనదు, మూడు నాలుగేళ్లు పెరగాలి. ఈ లోపల కాకులు, ఎండ, గాలి, కరెంటు తీగ ఇవన్నీ దాటి బతకాలి. గుడ్డు పోయిందా, ఆ ఏడు ఆ ఇంట సంతానం లేనట్టే. ఇంక తల్లీతండ్రుల్లో ఒకటి చచ్చిపోతే ఎన్ని ఏళ్ల కష్టం నీళ్లపాలైందో చూడండి. పిచ్చుకలు, పావురాలు తగ్గితే నాలుగు మంచి సంవత్సరాల్లో మళ్లీ పెరుగుతాయి. గద్ద అలా పెరగదు. అందుకే దాని సంరక్షణలో మొదటి సూత్రం పెద్ద పక్షి చావకుండా చూడడం.

మరి అవి దేనివల్ల చస్తున్నాయి? తుపాకీతో కొట్టేవాళ్లు ఈ రోజుల్లో తక్కువ. ఎవరూ చంపాలనుకోకుండానే చచ్చిపోతున్నాయి. అదే ఇందులో విచారించవలసిన సంగతి.

మొదటిది మందు. దీనికి రాబందుల కథ తెలియాలి. 1990లలో మన దేశంలో రాబందులు ఉన్నట్టుండి మాయమైపోవడం మొదలైంది. తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిది పైగా పోయాయి. ఏదో రోగమనుకున్నారు, ఎండలన్నారు. చివరికి 2004లో పరిశోధకులు కారణం పట్టుకున్నారు. పశువుల నొప్పులకూ వాపులకూ ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు! ఆ మందు పుచ్చుకున్న పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజుల్లోనే కూలిపోతుంది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశంలో నిషేధించారు. మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని గమనించి 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందుల్నీ పశువులకు వాడరాదన్నారు. 2024 డిసెంబరు చివర నిమెసులైడ్‌నూ ఆ వరుసలో చేర్చారు.

"అది రాబందుల సంగతి, గద్దలకేం?" అంటారా? రాజస్థాన్‌లో ఒక పశువుల కళేబరాల దిబ్బ దగ్గర చచ్చిపడిన రెండు వలస గద్దలను పరీక్షించి చూస్తే, వాటి ఒంట్లోనూ ఇదే డైక్లోఫెనాక్ కనిపించింది. ఈ విషయం 2014లో బయటపడింది. గోధుమరంగు గద్దలాంటివి కూడా కళేబరాలు తినేవే. రాబందును చంపిన విస్తట్లోనే గద్ద కూడా కూర్చుంటుందన్నమాట.

రెండవది ఎలుకల మందు. ఇది అచ్చంగా మన ఇలాకా. బజారులో దొరికే ఎలుకల బిస్కట్లలో చాలావాటి పని, ఎలుక లోపల రక్తం గడ్డకట్టకుండా చేయడం. తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మత్తుగా, మందంగా పట్టపగలే బయట తిరుగుతుంది. అలాంటి ఎలుక కంటే సులువైన వేట గద్దకూ గుడ్లగూబకూ ఏం దొరుకుతుంది చెప్పండి? ఆ ఎలుకతోపాటే మందూ దాని కడుపులోకి పోతుంది. మనం వంటింట్లో బియ్యం డబ్బా వెనకాల పెట్టిన మందు, వీధి చివర వేపచెట్టు మీద కూర్చున్న పక్షిని చంపుతుంది. మన కంటికి కనబడదు గనుక మన వల్లేనని తెలియదు.

మూడవది తీగలు. పాముల గద్ద రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు అయిదున్నర అడుగుల పైమాటే. బీడు మధ్య పెద్ద చెట్లన్నీ పోయాక వేట చూసుకోవడానికి దానికి మిగిలిన ఎత్తైన చోటు కరెంటు స్తంభం. చిన్న పిట్ట తీగ మీద కూర్చుంటే ఏమీ కాదు, ఒక్క తీగనే తాకుతుంది కాబట్టి. గద్ద ఎగరబోయి రెక్క విప్పితే రెండు తీగలకో, తీగకూ ఇనుప కమ్మీకో ఒకేసారి తగిలి మాడిపోతుంది. స్తంభం దగ్గర తీగకు రబ్బరులాంటి తొడుగు వేసినా, కూర్చునే చోటుకూ తీగకూ మధ్య ఎడం పెంచినా ఈ చావు తప్పుతుంది. స్పెయిన్ దేశంలో మన కుందేలు సాళువ జాతి గద్దల కోసమే ఇలా వేల స్తంభాలు సరిచేశారు.

నాలుగవది నేల. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పాలమూరు పచ్చబడింది. వలసపోయినవాళ్లు కొందరైనా ఊరు చేరారు. ఆ నీటికి ఎవరు వంక పెడతారు? కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. కాగితాల మీద "ఖాళీ భూమి" అని రాసివున్న బీడు ఖాళీగా లేదు. అక్కడ తొండలు, పాములు, కుందేళ్లు, కౌజులు, వాటి మీద బతికే గద్దలు వున్నాయి. బీడు దున్నేసినా గద్ద పోతుంది, బీడు నిండా చిక్కగా మొక్కలు నాటినా పోతుంది. మైదానపు గద్దకు నేల కనబడాలి, అప్పుడే వేట సాగుతుంది. చెట్టు నాటడం పుణ్యమే. ఎక్కడ నాటాలన్నదీ చూసుకోవాలి. గుట్టలు రాళ్లకోసం కొట్టేస్తే సాళువకు గూడు పోతుంది.

ఈ మాటకు సాక్ష్యం మనకు ఎంతో దూరంలో లేదు. తుంగభద్ర దాటితే నంద్యాల జిల్లాలో రోళ్లపాడు వుంది. బట్టమేక పిట్ట కోసం అక్కడి గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యం చేశారు. ఎక్కడెక్కడి నుంచో దాన్ని చూడ్డానికి జనం వచ్చేవారు. కొన్నేళ్లుగా అక్కడ ఆ పిట్ట కంటబడడమే గగనమైపోయింది. దేశం మొత్తంలోనే అవి చాలా కొద్దిగా మిగిలాయి. చలికాలంలో మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి ఆ రోళ్లపాడుకే పిల్లిగద్దలు వచ్చి, రాత్రిళ్లు గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుని, పొద్దున్నే మిడతల వేటకు పోతాయి. బట్టమేకను పోగొట్టుకున్నట్టే వీటినీ పోగొట్టుకుంటామా అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

ఇక ప్రభుత్వం సంగతికొద్దాం. అడవులూ వన్యప్రాణులూ 1976 రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. అంటే కేంద్రం చట్టం చేసినా, దాన్ని అమలు చేసే చేతులు రాష్ట్రానివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గద్దల్లో చాలా జాతులు అందులో మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన చోట వున్నాయి. మొదటి షెడ్యూలు ప్రాణిని చంపినా, పట్టినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేలకు తగ్గకుండా జరిమానా. తాయెత్తు కోసమని గద్ద గోరు ఇంట్లో వుంచుకోవడం కూడా నేరమే. రాష్ట్రంలో ఈ వ్యవహారానికి ప్రధాన అధికారి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. పైన ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర వన్యప్రాణి మండలి వుంటుంది.

చట్టం పెద్దదే, ఒప్పుకుందాం. కానీ ఒక చిక్కు చూడండి. అమ్రాబాద్ అడవిలో వున్న జుట్టు గద్దకు పులి పుణ్యమా అని కాపలా వుంది. ఫారెస్టు బీటు ఆఫీసరు తిరుగుతాడు, చెంచులు చూస్తుంటారు. నడిగడ్డ బీడు మీద తిరిగే గద్దకు ఆ భాగ్యం లేదు. అది కూర్చునే స్తంభం విద్యుత్ శాఖది, తినే ఎలుక వ్యవసాయ శాఖ పరిధిది, కళేబరం పంచాయతీది, దానిలోని మందు పశువైద్య శాఖది, తిరిగే నేల రెవెన్యూ శాఖదో ఒక రైతుదో. ఉమ్మడి కుటుంబంలో అయిదుగురు కోడళ్లుంటే, పాలు పొంగినప్పుడు "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని ఒకరినొకరు అనుకున్నట్టు వుంటుంది వ్యవహారం. రాష్ట్ర స్థాయిలో గద్దల సంరక్షణ అంటే ముఖ్యంగా ఈ అయిదుగురినీ ఒకచోట కూర్చోబెట్టి పని పంచడమే.

అలా పంచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణలు వున్నాయి. అమెరికాలో తెల్లతల గద్ద ఆ దేశపు చిహ్నం. పొలాల్లో చల్లిన డి.డి.టి. చేపల్లోకి, చేపల్లోంచి గద్దల్లోకి పోయి, గుడ్ల పెంకులు పలచబడి, తల్లి పొదగబోతే ఆ బరువుకే పగిలిపోయేవి. అలాస్కా, హవాయి తప్ప మిగిలిన రాష్ట్రాలన్నిటిలో 1963లో తేలిన జతలు అయిదు వందలకు లోపే. 1972లో డి.డి.టి.ని నిషేధించారు. నిషేధించి ఊరుకోలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో అప్పటికి మిగిలింది ఒకే ఒక్క గూడు. 1976 నుంచి ఆ రాష్ట్ర ప్రభుత్వం వేరేచోట్ల నుంచి, ముఖ్యంగా అలాస్కా నుంచి, సుమారు రెండు వందల పిల్లల్ని పదీ పన్నెండేళ్లలో తెచ్చింది. ఎత్తైన మంచెల మీద గూళ్లలో పెట్టి, మనిషి కనబడకుండా మేత అందిస్తూ, రెక్కలు వచ్చాక వదిలేసింది. మంచె మీద పెరిగిన పిల్ల ఆ చోటే పుట్టిల్లనుకుని పెద్దయ్యాక అక్కడికే తిరిగి వస్తుందన్నమాట. 2007 నాటికి దేశం మొత్తం మీద ఆ గద్దను ఆపద జాబితాలోంచి తీసేశారు. 2018, 2019 సంవత్సరాల సర్వేలో అంచనా వేసిన జతలు 71 వేల పైచిలుకు. మన దేశంలో పొలాలకు డి.డి.టి. వాడకం 1989లో నిషిద్ధమైంది.

అంత దూరం ఎందుకు, నాగాలాండ్ చూడండి. ఏటా శరత్కాలంలో అమూర్ డేగలనే చిన్న వేటపక్షులు లక్షల్లో అక్కడ దిగి, మన దేశం మీదుగా సముద్రం దాటి దక్షిణాఫ్రికా దాకా పోతాయి. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర వలలు పన్ని వాటిని గుట్టలుగా చంపుతున్న సంగతి లోకానికి తెలిసింది. ఆ మరుసటి ఏడాదే ఊరి పెద్దలు, చర్చీలు, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక్క డేగనూ చంపకూడదని కట్టడి చేశారు. ఒక్క సంవత్సరంలో చంపే చోటు కాచే చోటైంది.

మన రాష్ట్రంలోనూ పని జరగలేదని కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట చరియల మీద రాబందులు గూళ్లు పెడుతున్నట్టు 2013లో బయటపడితే, అటవీ శాఖ అక్కడ కాపలా పెట్టింది. హైదరాబాద్ జూపార్కులో రాబందుల పెంపక కేంద్రం వుంది. గద్దల విషయంలోనూ ఇలాంటి శ్రద్ధే కావాలి.

ఆ శ్రద్ధలో మొదటి మెట్టు లెక్క. ఇంట్లో పప్పెంతుందో ఉప్పెంతుందో తెలియకుండా నెల గడుపుతామా? అలాగే ఎక్కడ ఎన్ని గూళ్లున్నాయో తెలియకుండా రక్షణ సాగదు. ఒకప్పుడు ఈ లెక్క ఒక్కరిద్దరి పని. 1931, 32లలో సాలిం అలీగారు నిజాం రాజ్యమంతా పక్షుల సర్వే చేస్తూ మన ఫరహాబాదు, మన్ననూరు అడవుల్లోనూ మకాం వేశారు. ఆ కాలపు సర్వేలలో ఆయన భార్య తెహ్మీనాగారు వెంట వుండి, అడవి మధ్య మకాంలో సంసారం నడిపారు. ఆవిడ గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ లెక్క జనం చేస్తున్నారు. కేరళ రాష్ట్రంలో 2015 నుంచి 2020 దాకా వెయ్యిమందికి పైగా మామూలు మనుషులు తిరిగి, రాష్ట్రం మొత్తానికీ పక్షుల పటం తయారుచేశారు. 2023లో వచ్చిన దేశపు పక్షుల నివేదిక కూడా ముప్పై వేలమంది పక్షి ప్రియులు రాసి పంపిన లెక్కల మీద కట్టిందే. వేటపక్షులు బాగా తగ్గిపోతున్నాయని అది చెబుతోంది. మన రాష్ట్ర పక్షి పాలపిట్టా తగ్గిందనీ, దాని స్థితిని మళ్లీ పరిశీలించాలనీ అదే చెప్పింది. దసరానాడు పాలపిట్టను చూడాలని తాపత్రయపడే మనం ఈ మాట చెవిన వేసుకోవద్దా?

ఇంతకీ మనం చేయగలిగిందేమిటి? పెద్ద పనులేమీ అక్కర్లేదు.

ఎలుకల బాధ వుంటే ముందు బోను పెట్టండి, జిగురు అట్టలు వద్దు, వాటికి చిన్న పిట్టలు కూడా అంటుకుంటాయి. గింజలకు మూత వున్న డబ్బాలు, తలుపు కింద సందులకు అడ్డం, సింకు గొట్టానికి జాలీ. ఈ మూడూ వుంటే సగం ఎలుకలు తగ్గుతాయి. తప్పనిసరై మందు పెడితే, చచ్చిన ఎలుకను గోడ అవతల విసిరేయకుండా జానెడు లోతున పూడ్చండి.

సంక్రాంతికి పిల్లలకు గాలిపటం కొనిచ్చేటప్పుడు దారం మీరే చూసి కొనండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అది తెగి చెట్లకూ డాబాలకూ చుట్టుకుని నెలల తరబడి వుండిపోతుంది. గద్ద రెక్కలకు చుట్టుకుంటే కోసుకుపోతుంది. స్కూటరు మీద పోయే మన పిల్లల గొంతుకూ అదే ప్రమాదం. పండగ వెళ్లాక డాబామీదా చెట్లమీదా వున్న దారం తీసి చుట్టి పారేయించండి.

గాయపడిన గద్దో, గూటిలోంచి పడిన పిల్లో కనబడితే పాలు పోయకండి, అన్నం పెట్టకండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. తువాలు కప్పి, గోళ్లు తగలకుండా పట్టుకుని, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా వుంచి అటవీ శాఖకు కబురు చేయండి. చీకట్లో వుంటే దానికి భయం తగ్గుతుంది. పెంచుకుందామని ముచ్చటపడవద్దు, చట్టం ఒప్పదు.

చలికాలం నుంచి వేసవి దాకా మామూలు గద్దలు గూళ్లు పెట్టుకుని, డాబా ఎక్కినవాళ్ల తలమీద తన్నబోతాయి. పిల్లల్ని కన్న తల్లి కోపం అది. నాలుగు వారాలు గొడుగు పట్టుకుని బట్టలు ఆరేసుకుంటే సరిపోతుంది. చెట్టు కొట్టించనక్కర్లేదు.

పుట్టింటికో అత్తవారి ఊరికో వెళ్లినప్పుడు ఇంకొక పని. పాడిపశువుకు నొప్పి ఇంజెక్షను వేయించేటప్పుడు "మెలాక్సికాం వేయండి" అని డాక్టరుగారిని అడగమని చెప్పండి. ఆ మందు రాబందులకు హాని చేయదని తేలింది. కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందని గద్ద మీద కక్షతో విషం పెట్టిన మాంసం పెట్టేవాళ్లుంటే ఆపండి. ఆ విషం కుక్కల్ని, పిల్లుల్ని, ఒక్కోసారి పసిపిల్లల్ని కూడా బలి తీసుకుంటుంది. కోడిపిల్ల పోతే ఆ ఇల్లాలికి నష్టమే, కాదనను. పొద్దుటిపూట పిల్లలు చిన్నగా వున్న మూడు నాలుగు వారాలు గంప కింద కమ్మితే సరి. మీ నానమ్మలు చేసింది అదే. పైగా పిల్లల్ని ఎత్తుకుపోయేది ఎక్కువగా ఊరి గద్ద, చిన్న డేగ. పాముల గద్ద పాముల పని చూసుకుంటుంది. గద్దలుంటే పాముకాట్లే వుండవని నేను అనను, పాము కరిస్తే ఆసుపత్రికే పరుగెత్తాలి. కానీ చేల చుట్టూ పాముల్నీ ఎలుకల్నీ జీతంభత్యం లేకుండా వేటాడేవాణ్ణి మనమే చంపుకోవడం తెలివైన పని కాదు.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వారానికొకసారి పావుగంట డాబా మీద నిలబడి పైకి చూడండి. ఏ గద్ద, ఎన్ని, ఎటు పోయాయి, తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాయండి. సెల్‌ఫోను వాడే పిల్లలుంటే ఆ లెక్కను ఈబర్డ్‌లో పెట్టమనండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడతారు, అందులో చేరవచ్చు. గద్వాల నుంచీ, వనపర్తి నుంచీ, నాగర్‌కర్నూలు నుంచీ పదిమంది ఇల్లాళ్లు అయిదేళ్లు ఇలా రాస్తే, ఏ గద్ద నిలబడుతోంది, ఏది పడిపోతోంది అన్నది ఆఫీసర్ల ముందు పెట్టడానికి ఒక ఆధారం వుంటుంది. చాకలి పద్దు, పాల పద్దు రాసుకునే చేతులకు గద్దల పద్దు ఒక లెక్కా?

ఈ ఆదివారం మొదలుపెడతారు కదూ! సెలవు.